నూరు తప్పని మనిషి

మా షాపులో మనుషులకు పేర్లుండవు, బరువులుంటాయి. పాడైన కాటాలు బాగుచేసే షాపు మాది. రోజంతా ఎవరో ఒకరు ఏదో ఒక కాటా ఎక్కి దిగుతూనే ఉంటారు గనక ఎవరి బరువెంతో అందరికీ తెలుసు. "డెబ్బై రెండూ!" అని కేకేస్తే వెల్డరు తలెత్తుతాడు. రంగులు వేసే ఆవిడ అరవై అక్క. ఆవిడ అసలు బరువు అరవై కాదని అందరికీ తెలుసు, కాని చేతిలో తడి బ్రష్షున్న మనిషితో ఎవరు వాదిస్తారు? నాది యాభై రెండు. ఆ మాత్రం దానికి అంకె కూడా దండగని నన్ను "పుల్ల" అన్నారు. పెద్దగాలి వీచిన రోజున నేను జేబుల్లో రెండేసి రెంచీలు వేసుకుని ఇంటికి పోతానని ఎవరైనా చెబితే నమ్మండి. ఒకసారి మరిచిపోయి వట్టి జేబులతో బయల్దేరి, బస్సెక్కకుండానే రెండు స్టాపులు దాటాను.

ఇక నూరు సంగతి. నేను ఆయన్ను బావా అంటాను. ఇచ్చిపుచ్చుకున్న బావ కాదు, ముప్పై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరినొకరు తిట్టుకోగా కుదిరిన వరస. బావ బరువు సరిగ్గా నూరు కేజీలు. పద్దెనిమిదేళ్ళుగా గ్రాము పెరిగింది లేదు, తరిగింది లేదు. పెళ్ళి భోజనం చేసొచ్చినా నూరే, వారం రోజులు జ్వరం పడి లేచినా నూరే. ఒకసారి క్షవరం చేయించుకుని వస్తే ముల్లు వెంట్రుకవాసి తగ్గింది. గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కాడు. నూరు! ఇది నేను కళ్ళారా చూశాను. మిగతావి నేనే పుట్టించినవి.

బాగుచేసిన కాటాను బయటికి పంపేముందు తూనిక రాళ్ళు పెట్టి సరిచూడాలి. సర్కారు ముద్ర ఉన్న ఇరవై కేజీల ఇనుప రాళ్ళు మాకు ఐదున్నాయి. ఒకప్పుడు వాటినే మోసేవాళ్ళం. మోసి మోసి నా నడుం పట్టేసింది. నలభై రోజులు కొడవలిలా వంగి తిరిగాను, దారిలో ఎదురైనవాళ్ళను చెప్పులు చూసి పలకరించేవాణ్ణి. నా తరువాత వెల్డరు నడుం, ఆ తరువాత అక్క భుజం. అప్పుడెవరో అన్నారు, "నూరు కేజీలే గదా కావలసింది, అదుగో, తన కాళ్ళ మీద తనే నడిచొస్తోంది" అని. బావ వచ్చి కాటా ఎక్కాడు. ముల్లు నూరు మీద నిలబడింది. ఆ రోజుతో రాళ్ళు పెట్టెలోకి పోయాయి, పెట్టెకు తాళం పడింది. అప్పటినుంచి మా షాపులో తూనిక రాయి బావే.

అంతకుముందు బావ చేసిన పని వేరు. పెద్ద బల్లకాటాలు చూసే ఉంటారు. ఆ బల్ల కింద ఇనుప చేతులుంటాయి, ఆ చేతులు కత్తిలాంటి ఉక్కు అంచుల మీద ఆని ఊగుతాయి. అంచు మొద్దుబారిందా, కాటాకు బద్ధకం పట్టుకుంటుంది. అంచుకు ఆకురాయి పట్టడంలో బావను మించినవాడు నాకు తెలిసి పుట్టలేదు. పుట్టినా ఈపాటికి సిగ్గుపడి వేరే పని చూసుకుని ఉంటాడు. అయితే ఆ పని నేల మీద కూర్చుని, కాటా కిందికి దూరి చెయ్యాలి. బావకు పొట్ట అడ్డం వచ్చింది. మోకాళ్ళు మొరాయించాయి. కూర్చోబెట్టడానికి ఒకరు, లేపడానికి ఇద్దరు కావలసి వచ్చేసరికి ఆయన ఆకురాయిని గుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకుపోయాడు. ఇక మిగిలిన పనల్లా ఎక్కడం, నిలబడటం, దిగడం. అది మాత్రం పట్టాభిషేకానికి వెళ్ళే రాజులా చేసేవాడు.

ఇలా ఉండగా ఒక సోమవారం మా ఓనరమ్మ అందరినీ పిలిచింది. పాత ఓనరుగారి కూతురు ఆమె. పుట్టిన మూడోనాడు మా పళ్ళెం కాటాలో పడుకోబెట్టి తూచినవాళ్ళం మేమే. మమ్మల్ని తూచే వంతు ఇప్పుడామెకు వచ్చింది.

"మావయ్యలూ, అక్కా, వినండి. మన దగ్గర యాభై అయిదు దాటినవాళ్ళు ఏడుగురున్నారు. రేపటినుంచి ప్రతి మంగళవారం, శుక్రవారం పొద్దున అరగంట సేపు నర్సమ్మ వస్తుంది. పని టైములోనే. మిమ్మల్ని చూస్తుంది, నాలుగు వ్యాయామాలు చేయిస్తుంది."

"మేం బాగానే ఉన్నాంగదమ్మా" అన్నాడు వెల్డరు. ఆ ఒక్క మాటలో మూడుసార్లు దగ్గాడు.

"అందుకే వస్తోంది" అంది ఓనరమ్మ.

నర్సమ్మకు ముప్పై ఏళ్ళుంటాయి. మనిషి పిడికెడు, గొంతు మాత్రం రైలు స్టేషనులో మైకుకు తీసిపోదు. సగం రోగాలు ఆ గొంతు వినే పారిపోవాలి. వచ్చీరాగానే కొత్త కాటా ఒకటి సంచిలోంచి తీసి నేల మీద పెట్టింది. కాటాల షాపులోకి కాటా తెచ్చినందుకు మాకు కాస్త మనసు నొచ్చింది గాని, వయసులో చిన్నదని ఊరుకున్నాం.

మొదట నన్ను ఎక్కించింది. ముల్లును చూసింది, నన్ను చూసింది.

"బాబాయ్ గారూ, భోజనం చేస్తున్నారా?"

"రెండు పూటలా చేస్తానమ్మా."

"అది ఎక్కడికి పోతోంది మరి? మూడు కేజీలు పెరగాలి మీరు."

తరువాత అరవై అక్క. "గట్టిగా చదవకమ్మా, తల్లీ" అని బతిమాలుకుంది. నర్సమ్మ మెల్లగానే చదివింది. ఆమె మెల్లగా చదివితే వీధి చివరిదాకా వినబడింది.

ఆఖరున బావ. పట్టీ చుట్టి రక్తపోటు చూసింది, వేలు గుచ్చి చక్కెర చూసింది, మోకాళ్ళు నొక్కి చూసింది. తరువాత కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"బాబాయ్ గారూ, మీరు పది కేజీలు తగ్గాలి."

వెల్డరు మంట ఆర్పేశాడు.

"ఎవరు తగ్గాలి?" అన్నాడు బావ.

"మీరే."

"నేను నూరు."

"తెలుసు. తొంభై అవ్వాలి."

"అమ్మా, నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలియదు. మీటరు బద్దను పట్టుకుని కాస్త పొట్టి అవ్వమ్మా అంటే అవుతుందా?"

"మీటరు బద్దకు మోకాళ్ళు నొప్పెట్టవు బాబాయ్ గారూ. మీరిలాగే ఉంటే రెండేళ్ళకు మిమ్మల్ని కాటా ఎక్కించడానికి చెరోపక్క ఒకరు ఉండాలి. అప్పుడు ముగ్గురినీ కలిపి తూచుకుంటారా?"

అందరం నవ్వాం. బావ నవ్వలేదు. టీ టైములో గ్లాసు పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. నేను పక్కన చేరి, "పోనీలే బావా, తొంభైకి దిగితే నీకూ నాకూ మధ్య ముప్పై ఎనిమిదే తేడా, అన్నదమ్ముల్లా ఉంటాం" అన్నాను. మామూలుగా ఐతే ఈపాటికి నా ఏడు తరాలను కలిపి తిట్టాలి. తిట్టలేదు.

"ఆకురాయి పోయింది పుల్లా" అన్నాడు. "ఉన్నది ఈ నూరొక్కటే. ఇదీ పోతే ఓనరమ్మ నన్ను దేనికుంచుకోవాలి? తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికా?"

నా గ్లాసులో టీ సగం ఆయన గ్లాసులో పోశాను.

కాని నర్సమ్మ ఊరుకునే రకం కాదు. బావ భార్యకు ఫోను చేసింది. నాకు ఆమె చెల్లెమ్మ వరస. మర్నాటికల్లా నాలుగు గిన్నెల క్యారేజీ రెండు గిన్నెలకు దిగింది. అందులోనూ పై గిన్నెనిండా కూరగాయలే. బావ ఎంత గింజుకున్నా లాభం లేకపోయింది. చివరికి నర్సమ్మతో ఒప్పందానికి వచ్చాడు. "చేతులూ కాళ్ళూ ఎంతసేపు ఊపమంటే అంతసేపు ఊపుతాను. నడవమంటే నడుస్తాను. నా బరువు జోలికి మాత్రం రావద్దు."

"సరే" అంది నర్సమ్మ, వినయంగా. అంత వినయంగా ఒప్పుకున్నప్పుడే అనుమానించవలసింది.

ఆ మంగళ, శుక్రవారాలు ఎలా ఉండేవో చూసినవాళ్ళకే తెలుసు. షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ఏడుగురం ఏడు కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. చేతులు ఆనించకుండా లేవాలి, మళ్ళీ కూర్చోవాలి. మొదటిరోజు మా ఏడుగురి మోకాళ్ళూ కలిసి చేసిన చప్పుడుకు పక్క గోదాములో కుక్క లేచి మొరిగింది. ఒంటికాలి మీద నిలబడమంటే నేను చేపల కోసం కాచుకున్న కొంగలా నిలబడ్డాను. వెల్డరు నిలబడలేక అక్క భుజం పట్టుకున్నాడు. అక్క అతని చెయ్యి దులిపేసి, "నీ కాలు నీకు లేదూ?" అంది. షెడ్డు చుట్టూ మూడు చుట్లు నడక. మొదటి వారం మూడు చుట్లకు ఇరవై నిమిషాలు పట్టింది, అందులో పది నిమిషాలు ఎవరు ముందు ఆగాలా అన్న తగువుకే సరిపోయింది.

బరువు ఎత్తడం కూడా నేర్పింది. "నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి. బరువును ఛాతీకి హత్తుకోండి, ప్రేమగా" అనేది. ఇంతకాలం ఇనుమును పగవాడిలా ఎడంగా పట్టుకుని మోశామని అప్పుడు తెలిసింది. ఓనరమ్మ మా బల్లల కాళ్ళ కింద దిమ్మలు పెట్టించి జానెడు ఎత్తు పెంచింది. నా మెడకు పాతికేళ్ళ తరువాత ఆకాశం కనబడింది. నాలుగో వారానికల్లా వెల్డరు దగ్గు సగానికి తగ్గింది, మేం అరగంట ముందే వచ్చి నర్సమ్మ కోసం గేటు దగ్గర కాచుకునే స్థితికి వచ్చాం. నవ్వీ నవ్వీ పొట్ట నొప్పి పుడితే అదీ వ్యాయామమే అనేది ఆమె.

ఐదో వారంలో ఒక పిండిమర కాటా బాగుచేసి బావను పిలిచాను. వచ్చాడు, రాజులా ఎక్కాడు. ముల్లు తొంభై తొమ్మిది మీద ఆగింది.

"కాటా తప్పు" అన్నాను.

"తప్పే" అన్నాడు బావ.

లోపల తూకం సర్దే మర కాస్త తిప్పాను. ముల్లు నూరుకు వచ్చింది. పంపించేశాం. మర్నాడు వచ్చిన రెండు కాటాలదీ అదే తప్పు. వారం తిరిగేసరికి తప్పు కేజీన్నరకు పెరిగింది.

"ఈ మధ్య కాటాలన్నీ ఒకే రోగంతో వస్తున్నాయేమిటి?" అన్నాడు వెల్డరు.

"ఈ ఏడు ఎండలు చూశావా? ఇనుము డీలా పడింది" అన్నాను. ఆ మాట నేనే అన్నాను గనక నాకు బాగా నచ్చింది. షాపంతా నమ్మింది. మమ్మల్ని చూసి మీరు నవ్వుకోవచ్చు. పొద్దున సూర్యుడు ఆలస్యంగా లేస్తే మీరు గడియారాన్నే గదా అనుమానిస్తారు? మాకు బావ అలాంటివాడు. కాటా తప్పొచ్చు, బావ తప్పడు.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. నర్సమ్మ తన కాటాను మా దగ్గరే ఉంచి వెళ్ళేది. పాపం, కొత్త కాటా, దాన్ని మాత్రం వదిలేస్తామా? ప్రతి మంగళవారం ఆమె రాకముందే బావను ఎక్కించి, నూరుకు సరిచేసి, తుడిచి పెట్టేవాణ్ణి. ఆమెకు చెప్పలేదు. చేసిన మేలు చెప్పుకోకూడదు గదా.

దాంతో జరిగింది ఇది. బావ ప్రతి వారం నూరే. మిగతావాళ్ళమంతా పెరగసాగాం. నేను యాభై మూడయ్యాను, యాభై నాలుగయ్యాను, పన్నెండో వారానికి యాభై అయిదు దాటాను. వీధిలో కనబడినవాళ్ళనల్లా ఆపి నా చెయ్యి పట్టి చూడమన్నాను. రెంచీలు లేకుండా గాలిలోకి వెళ్ళాను. అరవై అక్క నాతో మాట్లాడటం మానేసింది, ఎందుకంటే ఆవిడ కూడా పెరిగింది, అది ఆవిడకు సంతోషం కాదు. నర్సమ్మ తలపట్టుకుంది. "ఇంత కష్టపడితే అందరూ లావవుతున్నారేమిటి? నేనూ మూడు కేజీలు పెరిగాను" అని టీలో చక్కెర మానేసింది.

అన్నిటికన్నా వింత బావ ప్యాంటు. బెల్టుకు మేకుతో ఒక కన్నం పొడిచాం, తరువాత రెండోది, తరువాత మూడోది.

"బరువు తగ్గకుండా నడుం తగ్గడం ఎక్కడైనా ఉందా పుల్లా?"

"ఎందుకు లేదు? కొవ్వు దూది, కండ ఇనుము. నీ దూదంతా ఇనుమవుతోంది బావా. ఇంకో ఏడాదికి నిన్ను తాకితే గంటలా మోగుతావు."

బావ ముఖం వెలిగిపోయింది. మోకాళ్ళ నొప్పి తగ్గింది, నూరు నూరుగానే ఉంది. "రెండూ దక్కాయి నాకు" అన్నాడు ఆ రోజు, అందరికీ వినబడేలా. ఆ సంతోషం చూసే నేను ఇంకో ఆలోచన పెట్టుకోలేదేమో.

పన్నెండో వారం శుక్రవారం, మేం కుర్చీల్లోంచి లేచి కూర్చుంటూ ఉండగా, పాత ఇనుము కొనే ఆయన చిన్న లారీలో తన కాటా వేసుకుని లోపలికి వచ్చాడు. మేం వారం కిందటే బాగుచేసి ఇచ్చిన కాటా అది. లారీ దిగుతూనే అందుకున్నాడు.

"ఇదేం రిపేరండీ? నా దగ్గర నూట ఆరు కేజీలని తూచి కొంటున్నాను. కరిగించేచోట నూరే అంటున్నారు. ఆరు కేజీలు దారిలో ఆవిరైపోతోందా?"

"అలా ఎలా జరుగుతుంది? మా బావ ఎక్కి చూశాడు, సరిగ్గా నూరు" అన్నాను.

"నేను మీ బావ గురించి అడగలేదు. నా కాటా గురించి అడుగుతున్నా."

నర్సమ్మ మధ్యలోకి వచ్చింది. "ఆగండాగండి. నిన్న మా ఆసుపత్రి కాటా ఎక్కితే యాభై చూపించింది. ఇందాక ఇక్కడ ఎక్కితే యాభై మూడు. నేను ఆ కాటా పాడైందనుకున్నాను."

ఓనరమ్మ బావ బెల్టు వంక చూసింది. బెల్టు కొస నడుం చుట్టూ తిరిగి వెనక్కు పోయి ఉంది. మెల్లగా అడిగింది, "రాళ్ళ పెట్టె తాళంచెవి ఎక్కడుంది?"

ఎవరికీ తెలియదు. పావుగంట వెతికితే క్యాలెండరు వెనక మేకుకు దొరికింది. పెట్టె తెరిచాం. ఒక్కో రాయినీ ఒక్కొక్కరం మోకాళ్ళు వంచి, ఛాతీకి హత్తుకుని, ప్రేమగా తెచ్చాం. ఒక నడుమూ పట్టలేదు. వేరే రోజైతే నర్సమ్మ మమ్మల్ని చూసి ముచ్చటపడేది. ఐదు రాళ్ళూ బల్ల మీద పెట్టాక ముల్లు ఊగి, ఊగి, నూట ఆరు దాటి ఆగింది.

నేను మర వెనక్కు తిప్పాను, ముల్లు నూరుకు వచ్చేదాకా. రాళ్ళు దింపాం.

"ఎక్కు బావా" అన్నాను.

ఎక్కాడు. తొంభై నాలుగు.

"ఆరు కేజీలు!" అని నర్సమ్మ చప్పట్లు కొట్టి గెంతింది. ఆ చప్పట్లు ఆమెవి ఒక్కదానివే. చుట్టూ చూసి చేతులు దించేసింది.

ఓనరమ్మ వేళ్ళు మడుస్తూ, "ఈ రెండు నెలల్లో ముప్పై ఒక్క కాటాలు పంపించాం" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "అన్నీ వెనక్కి తెప్పించాలి. ఒక్కొక్కరికీ నేనే ఫోను చేసి క్షమించమని అడుగుతాను."

"మర తిప్పింది నేనమ్మా, తప్పు నాది" అన్నాను.

"తగ్గింది నేను" అన్నాడు బావ. క్యారేజీ తీసుకున్నాడు. "రేపటినుంచి ఎలాగూ రాళ్ళున్నాయిగా" అని గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నన్ను నేను తూచుకున్నాను. యాభై రెండు. రెండు నెలలు మురిసిపోతూ మోసిన మూడు కేజీలూ అసలు లేనే లేవు. అయినా దాని గురించి బాధపడటానికి ఆ రోజు తీరిక దొరకలేదు.

మర్నాడు బావ రాలేదు. మధ్యాహ్నం ఓనరమ్మ నన్ను పిలిచి, "వెళ్ళి మావయ్యను తీసుకురా మావయ్యా. తిట్టడానికి కాదని చెప్పు" అంది.

బావ ఇల్లు మూడో అంతస్తు. తలుపు తీసింది చెల్లెమ్మ.

"నిన్నటినుంచి ఒక్క మాట మాట్లాడలేదన్నయ్యా. ఆయన మాట్లాడకపోతే నా చెవులు హోరెత్తుతున్నాయి."

"ఎక్కడున్నాడు?"

"కుట్టు మిషను కింద."

లోపలి గదిలో బావ మిషను పెడలు విప్పి, దాని ఇరుసుకు ఆకురాయి పడుతున్నాడు. అది కిర్రుమంటోందని చెల్లెమ్మ ఆరేళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతోందట. నన్ను చూసి తల దించుకున్నాడు.

"ఓనరమ్మ రమ్మంది బావా."

"ఎందుకు? శాలువా కప్పి సాగనంపడానికా?"

"నువ్వు లేకపోతే షాపు బోసిగా ఉంది."

"రాళ్ళు పెట్టుకోండి. వాటికి మోకాళ్ళ నొప్పులుండవు, బెల్టులక్కర్లేదు. తొంభై నాలుగుతో ఎవరికేం పని? నూరంటే ఒక నిండుతనం. తొంభై నాలుగంటే ఏముంది, ఎవడో లెక్కపెడుతూ మధ్యలో లేచిపోయినట్టు."

ఏదో ఒకటి అని నవ్వించాలని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అప్పుడు గాని నా కంటికి ఆనలేదు.

"బావా, నువ్వెక్కడ కూర్చున్నావు?"

"కళ్ళు కూడా పోయాయా? మిషను దగ్గర."

"మిషను సంగతి సరే. దేని మీద కూర్చున్నావు?"

బావ కిందికి చూసుకున్నాడు. నేల. బాసీపట్టు వేసుకుని, నేల మీద, దర్జాగా. ఆ నేలను మొదటిసారి చూస్తున్నట్టు అరచేత్తో తడిమాడు.

"ఎవరు కూర్చోబెట్టారు నిన్ను?"

"ఎవరూ... పెడలు విప్పాలి గదా అని... నేనే."

"ఏదీ, లే చూద్దాం."

నర్సమ్మ నేర్పినట్టు ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, లేచాడు. చెయ్యి దేన్నీ పట్టుకోలేదు. గుమ్మంలో చెల్లెమ్మ చేతిలో పళ్ళెం ఖంగున పడింది.

"మళ్ళీ కూర్చో."

కూర్చున్నాడు.

"లే."

లేచాడు. ఆ తరువాత నేను చెప్పనక్కర్లేకపోయింది. కూర్చున్నాడు, లేచాడు, కూర్చున్నాడు, లేచాడు, ప్రతిసారీ కాస్త గట్టిగా నవ్వుతూ. కింది అంతస్తులో ఎవరో కిటికీలోంచి తల బయటపెట్టి అరిచారు, "ఏమవుతోందండీ పైన?"

చెల్లెమ్మ కిటికీ దగ్గరకు పరుగెత్తి, వీధంతా వినబడేలా చెప్పింది, "మా ఆయన కూర్చుంటున్నారు!"

మేం షాపుకు వచ్చేసరికి పాత ఇనుము ఆయన తన కాటాతో మళ్ళీ వచ్చి ఉన్నాడు. మర సరిచేశాక తూకం కుదిరింది గాని కాటా బద్ధకంగానే ఉందని ఆయన గోల. నిజమే. అంచులు మొద్దుబారితే నేను గ్రీజు పూసి ఊరుకున్నాను. బావ గోనెసంచి ఒకటి నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని, ఆకురాయి ఛాతీ మీద పెట్టుకుని కాటా కిందికి జరిగాడు. పొట్ట దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అందరం ఊపిరి బిగబట్టాం. జారిపోయాడు. బయట రెండు పాదాలు మిగిలాయి.

ఆకురాయి చప్పుడు మొదలైంది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. ఆ చప్పుడు మా షాపులో విని ఎన్నేళ్ళయిందో. వెల్డరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పొగ అన్నాడు, మంట వెలిగించకుండానే.

ఓనరమ్మ వచ్చి పాదాల దగ్గర చతికిలబడింది.

"మావయ్యా, వినబడుతోందా?"

"ఆ, చెప్పమ్మా."

"పదేళ్ళుగా అంచులన్నీ బయటికి పంపించి పట్టిస్తున్నాను. ఒక్కటీ సరిగ్గా కుదరలేదు. నూరు కేజీలు నాకు పెట్టెలో ఉన్నాయి. ఈ చెయ్యి ఏ పెట్టెలో వెతికినా దొరకదు. ఆ ముప్పై ఒక్క కాటాలూ వస్తున్నాయి, అన్నిటి అంచులూ నువ్వే చూడాలి."

కాటా కింద ఆకురాయి ఆగింది. తరువాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెంటనే, "ముప్పై ఒకటేనా?" అన్న ప్రశ్న వచ్చాయి.

తను వచ్చే రోజు కాకపోయినా సంగతి తెలుసుకుందామని వచ్చిన నర్సమ్మ దీనికి కూడా ఒక షరతు పెట్టింది. అరగంటకోసారి బయటికి వచ్చి ఒళ్ళు విరుచుకుని, షెడ్డు చుట్టూ ఒక చుట్టు నడిచి రావాలి. ఇంకా నాలుగు కేజీలు తగ్గాలి. బావ బేరం ఆడలేదు. గోడ మీద గడియారం చూసి ఆమె కేకెయ్యగానే జారి బయటికి వచ్చాడు, ఒంటినిండా దుమ్ము, ముక్కు మీద గ్రీజు. షెడ్డు చుట్టూ చుట్టేసి వచ్చాడు. నడిచాడని నర్సమ్మ అంటుంది, పరుగెత్తాడని నేనంటాను. గోదాములో కుక్క లేచి చూసేలోపు మళ్ళీ కాటా కింద ఉన్నాడు.

చివరి అంచు అయ్యాక లోపలినుంచి గొంతు వినబడింది. "చిన్నదేదైనా బల్ల మీద వేసి చూడండి. రాళ్ళొద్దు. బాగా చిన్నది."

పాత ఇనుము ఆయన తన జేబులు తడుముకుని, అరంగుళం మర ఒకటి తీసి, వేళ్ళ కొసలతో బల్ల మీద పెట్టాడు. అంత పెద్ద కాటా. ముల్లు మేలుకుని, వెంట్రుకంత పక్కకు జరిగి, నిలబడింది.

"కదిలిందా?" అన్నాడు బావ.

"కదిలింది" అన్నాం అందరం.

"అయితే ఇంకో కాటా తీసుకురండి."

"ముందు బయటికొచ్చి టీ తాగు బావా, చల్లారిపోతోంది" అన్నాను.

"చల్లారనీ" అన్నాడు కాటా కిందనుంచి. "ఇంకోటి తీసుకురమ్మన్నానా, లేదా?"